ఈగల వారసత్వ పత్రం

భూమ్మీద జీవం పుట్టి మూడు వందల యాభై కోట్ల ఏళ్లయిందనీ, ఇంతకాలం అది ఎవరి అనుమతీ తీసుకోకుండా ఇష్టమొచ్చినట్టు మారుతూ వచ్చిందనీ విశ్వవిద్యాలయంలోని జీవుల హాజరు విభాగం ఈమధ్యనే గుర్తించింది. గుర్తించి ఊరుకుందా? పద్నాలుగు-ఖ అనే ఫారం తెచ్చింది.

ఆ ఫారం వాత మొదట పడింది అమల. జల్‌పల్లిలో ఆరు బర్రెలు పెట్టుకుని పాల వ్యాపారం చేసే కృష్ణయ్య కూతురు. ఐదేళ్ల కింద తండ్రి కొట్టంలో వంద ఈగలను పట్టుకొచ్చి, ప్రయోగశాలలో జాలీ పంజరాల్లో పెంచుతూ, ప్రతి తరానికీ ఈగల మందు కొడుతూ, చావనివాటి పిల్లలను లెక్కపెడుతూ పీహెచ్‌డీ చేస్తోంది. ఇప్పుడు నూట పదో తరం నడుస్తోంది. మందు కొడితే చావడం మాట అటుంచి, ఇవి తీరిగ్గా స్నానం చేసినట్టు కాళ్లు రుద్దుకుంటాయి. ఈగలు ఇలా మారాయన్నదే ఆమె థీసిస్. ముప్పయ్యో తారీఖు సాయంత్రం ఐదు లోపల ఫారం మీద ముద్ర పడకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఈగల నిర్మూలన, ఐదేళ్ల చదువు మూసీ పాలు.

విభాగం సూపరింటెండెంట్ డానియేలు చెడ్డవాడు కాడు. (చెడ్డవాడైతే ఎవరితోనైనా చెప్పించి పని కానిచ్చుకోవచ్చు. ఈయన నిబంధనలు చదివిన మనిషి.)

"మేడం, అప్రూవల్ల వంద ఈగలున్నయి. అవి ఏడున్నయి?" అన్నాడు, అమల తన బల్ల మీద పెట్టిన పంజరాన్ని చూస్తూ.

"సచ్చిపోయినయి సార్. ఈగ నెల బతుకుడే ఎక్కువ."

"అయ్యో పాపం. మరి గీ పంజరంలున్నోళ్లు ఎవరు?"

"వాటి పిల్లల పిల్లలు సార్."

"అంటే వారసులు. మరి వారసత్వ పత్రం ఏది?"

అమల నవ్వింది. డానియేలు నవ్వలేదు. ఆ తర్వాత అమల కూడా నవ్వలేదు.

నిబంధన ఏడు ప్రకారం, మృతులను ఎరిగిన ఇద్దరు స్థానికులు స్వయంగా హాజరై, వారసులను కళ్లారా చూసి, పంచనామా మీద సంతకం చేయాలి. (మృతుల ఆధార్ నకళ్లు జతచేయాలన్న షరతును, ఈగలకు వేలిముద్రలు పడవన్న సాంకేతిక కారణంతో, దయతలచి సడలించారు.)

ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం కృష్ణయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కొట్టం ఊడ్చే ఆగమ్మను వెంటబెట్టుకుని విభాగానికి వచ్చాడు. అమల పంజరాన్ని మళ్లీ బల్ల మీద పెట్టింది. కూతురి చదువు తన నోటిమాట మీద ఆగిందని తెలిసినప్పటి నుంచి ఆయన కాలు నేల మీద నిలవడం లేదు.

"పెద్దాయనా, వీటి తాతలు నీకు ఎరుకేనా?"

"ఎరుక లేకేంది సార్! దినాం మా పెద్ద బర్రె మీదనే గూసుందురు."

"ఇవి ఆ ఖాందానేనా?"

ఆగమ్మ ముందుకొచ్చి పంజరం మీద అరచేత్తో ఫట్‌మని కొట్టింది. ఒక్క ఈగా కదల్లేదు. "మనయే సారూ! ఎంత తోలినా పోవు. జర్రంత షరం లేదు వీటికి," అంది.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! కానీ కృష్ణయ్య ముప్పై ఏళ్లుగా బర్రెల బేరాలు చేసిన మనిషి. దూడను చూపిస్తూ ఇది తల్లిలాగా లేదని అమ్మేవాడెవడూ అనడు. అంటే బేరం అక్కడికక్కడే పోతుంది. ఆ అలవాటు కొద్దీ నోరు దానంతటదే నడిచింది.

"తల్లెట్లనో పిల్ల గట్లనే సార్. రంగు గదే, నడక గదే. ఎంట్రుకంత తేడా వస్తే నన్నడుగున్రి. ఇది నా జబాన్!"

డానియేలు గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు: "మార్పు: లేదు."

"బాపూ, ఏం మాట్లాడుతున్నవ్!" అమలకు ఏడుపొక్కటే తక్కువ. "సార్, మస్తు మారినయి. మారినయనే కదా నేను థీసిస్ రాసిన!"

"మారితే అవి అప్రూవైన ఈగలు కావు మేడం. పర్మిషన్ లేని ఈగలైతయి. మారకుంటే మీ ఈగలే. ఇగ మీ ఇష్టం."

అమల మందు డబ్బా తీసి పంజరం మీద కొట్టింది. రెండు నిమిషాల్లో విభాగం సిబ్బంది మొత్తం దగ్గుకుంటూ వరండాలో తేలారు. పంజరంలో ఒక్క ఈగా రాలలేదు. కళ్లు తుడుచుకుంటూ తిరిగొచ్చిన డానియేలు, తాను చూసినదాన్ని ఉన్నదున్నట్టు నమోదు చేశాడు: "వారసుల ఆరోగ్యం: బాగుంది."

"లొల్లి చేయకు బిడ్డా. సార్ మంచోడే, పని చేసి పెడుతుండు," అన్నాడు కృష్ణయ్య. తన సాక్ష్యం చెల్లిందన్న సంతోషం ఆయన ముఖంలో దాగడం లేదు. ఆ ముఖం చూస్తూ కోప్పడటం అమలకు చేతకాలేదు.

ఐదుకు పది నిమిషాలుంది. ఆమె పెన్ను తీసుకుంది. "మార్పు: లేదు" అన్న మాట కింద, పరిశోధకురాలి సమ్మతి అని ఉన్న చోట, చుక్కలు దాటకుండా సంతకం చేసింది. ఫారాన్ని డానియేలు ముందుకు జరిపింది.

"మీరు జాయినైన కొత్తల ఇసొంటి కాయితం ఇస్తే చింపి నా మొకం మీదేసేటోళ్లు మేడం," అని మెచ్చుకోలుగా అంటూ డానియేలు ముద్ర గుద్దాడు.

ఆ సంగతి ఆయన ఎక్కడా రాయలేదు. పద్నాలుగు-ఖలో పరిశోధకురాలి మార్పుకు గడి లేదు.