రోజుకు నలభై మంది

సోమవారం పొద్దున్నే ఈతకొలను తాళం తీసేలోపు ఏడుగురికి ఫోన్లు చేయాలని డార్లీన్ అనుకుంది. కరబిల్లా ఊళ్లో సరైన వాన పడి మూడేళ్లయింది. రైతులు పన్నులు కట్టలేకపోయారు, రాష్ట్రం గ్రాంటులో కోత పెట్టింది. ఈ వారం రోజుకు సగటున నలభై మంది రాకపోతే కొలను మూసేయాలని కౌన్సిల్ తీర్మానించింది. మామూలుగా వచ్చేది తొమ్మిది మంది. ఏరు ఎండిన ఊళ్లో పిల్లలకు ఈత నేర్పడానికి మిగిలిన నీళ్లు అవే. ఇరవై ఆరేళ్లుగా అక్కడ ఎవరూ మునిగిపోకుండా కాపలా కాసేది డార్లీన్ ఒక్కతే.

"ఈత రాకపోయినా పర్లేదు బెరిల్, వచ్చి మోకాళ్లు తడుపుకో. వస్తూ నలుగుర్ని వెంటబెట్టుకురా," అంది డార్లీన్ మొదటి ఫోన్‌లో.

"నా మోకాళ్లకి చన్నీళ్లు పడవే తల్లీ."

"పోనీ పాదాలు. గేటు దాటితే చాలు, లెక్కలో పడ్డట్టే."

బెరిల్ నలుగురితో ఆగలేదు. చర్చి మహిళల టీ సమావేశాన్ని కొలను గట్టుకు మార్పించింది. అది విని అగ్నిమాపక వాలంటీర్లు తమ శిక్షణ కూడా అక్కడే పెట్టుకున్నారు. మంగళవారం అరవై మంది. బుధవారం బడి పిల్లల పోటీలు. గురువారం ఎవరో సాసేజ్‌లు కాల్చారు. ఆ వాసనకు గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్లు పని ఆపి బూట్లతోనే వచ్చారు.

"ఇంక చాలు, ఇళ్లకి పోండి! నాకున్నవి రెండే కళ్లు!" అని డార్లీన్ అరిచింది.

"మేం పోతే కొలను పోతుంది. నువ్వు కూర్చోమ్మా," అన్నారు వాళ్లు.

శుక్రవారం నూట ఎనభై మంది వచ్చారు. శనివారం గేటు తెరవకముందే కౌన్సిల్ ఉద్యోగి క్లైవ్ కాగితం పట్టుకొచ్చాడు. వారమంతా గేటు దగ్గర లెక్క పెట్టింది ఆ కుర్రాడే.

"సగటు వందండీ."

"అయితే గెలిచినట్టేగా బాబూ?"

క్లైవ్ తలెత్తలేదు. "యాభై దాటితే ఇద్దరు కాపలా ఉండాలండీ. భద్రతా నిబంధన. రెండో జీతానికి బడ్జెట్‌లో చోటు లేదు."

"వచ్చే వారం మళ్లీ ఆ తొమ్మిది మందే వస్తారయ్యా. ఒట్టు!"

"తొమ్మిదైతే నలభై రానట్టే కదండీ."

డార్లీన్ నీళ్లవైపు చూసింది. అందులో ఎవరూ లేరు. "మరి ఎంతమందిని రమ్మనాల్సింది?"

"నలభై అయిదైతే బావుండేదండీ," అన్నాడు క్లైవ్. అతని గొంతులో వెటకారం లేదు.

సోమవారం గేటుకు కౌన్సిల్ బోర్డు వేలాడింది: "ప్రజల విశేష ఆదరణ కారణంగా ఈ కొలను మూసివేయడమైనది."