మాస్టారి గదిలో బూజు

హలో, అందరికీ వినబడుతోందా? టీ పక్కన పెట్టుకుని వినండి, ఇది ఇద్దరు తోడల్లుళ్ళ కథ.

పెద్దాయన అద్దకం మిల్లులో రంగుల మాస్టారు. మిల్లు మొత్తానికి కిటికీ ఉన్న గది ఆయనదొక్కటే. ఓనరు ఆ గది ఖాళీ చేయించి ఒక బూజుకి ఇచ్చేశాడు. అల్లాటప్పా బూజు కాదు. కుళ్ళిన కట్టె మీద పెరిగే రకం. దాని ఒంట్లోంచి ఊరే ఎంజైము, మిల్లు వదిలే మురుగునీళ్ళలోని రంగుని ముక్కలు ముక్కలు చేసేస్తుంది. దాన్ని డ్రమ్ములో పెంచడానికి కొత్తగా చేరినవాడు మాస్టారి భార్య చెల్లెలి మొగుడే. మాస్టారి బల్లేమో వరండాలోకి, బాత్రూమ్ పక్కకి వచ్చింది.

ఆ ఉదయం భార్య టీ ఇస్తూ, "మా చెల్లెలి మొగుడు బూజు చేత కూడా నీళ్ళు కడిగిస్తున్నాడు. నేను మీ చేత ఒక్క గ్లాసు కడిగించలేకపోతున్నాను" అంది. మాస్టారికి ఒళ్ళు మండింది. టీ తాగకుండానే ఎత్తు వేశాడు. మురుగులో రంగే లేకపోతే బూజుకి పనేముంది? పని లేనిదానికి గదెందుకు?

గుడ్డకి పట్టని రంగే కదా మురుగులోకి పోయేది. ఆ రోజు మాస్టారు తొట్టి దగ్గర్నుంచి కదల్లేదు. ఉప్పు, సోడా తూకం వేసి కలిపాడు. వేడి దిగకుండా కాపలా కాశాడు. రంగు గుడ్డలో ఇంకేదాకా ఓపిక పట్టాడు. ఏళ్ళ తరబడి బద్ధకించి మానేసిన పనులన్నీ కడుపుమంట చేయించింది. సాయంత్రానికి కాలవలో నీళ్ళు అడుగు కనిపించేంత తేటగా పారాయి.

ఓనరు చూశాడు. పరిగెత్తుకెళ్ళి తోడల్లుణ్ణి వాటేసుకున్నాడు.

"నేనేం చెయ్యలేదండీ. నీళ్ళు నా డ్రమ్ములోకి రాకముందే తేటగా ఉన్నాయి" అని అతను మొత్తుకున్నాడు.

"ఎంత అణకువో చూడండి మాస్టారూ" అని ఓనరు మురిసిపోయాడు.

అది నా పనితనం అనే మాట మాస్టారి గొంతు దాకా వచ్చింది. ఆ మాట అంటే, మరి ఇన్నాళ్ళూ రంగంతా కాలవపాలు ఎందుకు చేశారని ఓనరు అడుగుతాడు. మింగేశాడు.

మింగింది అరగలేదు. అత్తగారు ఫోన్ చేసి చిన్నల్లుడి గొప్పంతా పెద్దల్లుడికే వినిపించింది. ఆ మంటతో మర్నాడు ఇంకా జాగ్రత్తగా అద్దాడు. నీళ్ళు ఇంకా తేటపడ్డాయి. ఓనరు పక్క మిల్లువాళ్ళని పిలిచి మరీ చూపించాడు. మాస్టారు ఎంత బాగా పనిచేస్తే తోడల్లుడి పేరు అంత పెరిగింది. పని లేని బూజు మాత్రం తవుడు నీళ్ళు తాగి లావెక్కింది.

చివరికి ఓనరు తోడల్లుణ్ణి తన పెద్ద మిల్లుకి మేనేజరుగా పంపాడు. వెళ్తూ వెళ్తూ అతను మాస్టారి దగ్గర ఆగాడు.

"అన్నయ్యా, ఇదంతా నీ చేతి చలవేమోనని నా అనుమానం."

"ఊరుకోవోయ్, నాకంత సీను లేదు" అన్నాడు మాస్టారు, గుండె రాయి చేసుకుని.

ఓనరు వచ్చి తాళం చేతిలో పెట్టాడు. "మీ గది మీరు తీసుకోండి. బూజు అందులోనే ఉంటుంది. కన్నబిడ్డలా చూసుకోండి. దానికేమన్నా అయితే మీదే పూచీ."

మాస్టారు తన కిటికీ పక్కన తను కూర్చున్నాడు. భోజనానికి ఇంకా రాలేదేమని భార్య ఫోన్ చేసింది.

"వస్తా, ముందు దీని తవుడు నీళ్ళు చల్లారాలి" అన్నాడు.

కథ నచ్చితే నలుగురికీ పంపండి, తోడల్లుడికి తప్ప.