ఫిస్కెబోట్ స్వాగత సభ

భావనపాడు జాలర్లకు మోటారు పడవ ఇవ్వవచ్చునా అని చూసిపోవడానికి నార్వే దొర ఒకాయన వస్తున్నాడని అరవై ఎనిమిదిలో కబురందింది. పెద్దలు తక్షణం ఒక అత్యవసర కార్యం చేపట్టారు. చేపల పడవను ఆయన భాషలో ‘ఫిస్కెబోట్’ అంటారట. ఆ మాటను ఎక్కడ విరవాలో, ఎక్కడ ఊనిక పెట్టాలో తేల్చకుండా దొర ముందు నిలబడితే జిల్లా పరువేం కాను!

విజయనగరం నుంచి వేంకటాచలం పంతులుగారు దయచేశారు. తత్పురుషంలో ఉత్తరపదమే ప్రధానం గనక ఊనిక పడవ మీదే పడాలన్నారు. శ్రీకాకుళం ఇంగ్లీషు లెక్చరరు చంద్రశేఖరంగారు నార్వే వ్యాకరణం తెరిచి, కాదు, చేప మీద పడాలన్నారు. ఆయన ఫి-స్కె అని విరిస్తే ఈయన ఫిస్-కె అని విరిచారు.

“చేప పడవెక్కుతుంది గాని పడవ చేపనెక్కుతుందా?” అని పంతులుగారు గర్జించారు. ఎవరికీ అర్థం కాలేదు గనక చప్పట్లు బ్రహ్మాండంగా మోగాయి.

సభలో ఆ మాట పలకవలసినవాడు జాలరి దాలయ్య. అతని తమ్ముడు కిందటి తుపానులో తెప్పతో సహా పోయాడు. మోటారుంటే ఒడ్డు చేరేవాడే. అందుకే దాలయ్య వేట మాని, పొద్దున చేప మీదా సాయంత్రం పడవ మీదా నొక్కుతూ సాధన చేశాడు పాపం.

“దొరొస్తే బోటడగాల గాని ఈ పలుకుడేటయ్యా?” అంది భార్య గున్నమ్మ.

“ముందు పలకాలంట. అడగడం తరవాతంట.”

దొర వచ్చాడు. కోటబొమ్మాళిలో రైలందుకోవాలి, వ్యవధి తక్కువ. పండితులిద్దరి ఉపన్యాసాలతో ఆ తక్కువా అయిపోయింది. ఇక ఒడ్డుకు నడిచే తీరిక కూడా లేదు. దాలయ్య ఉండబట్టలేకపోయాడు. నేర్చిందంతా మరిచి చేతులు జోడించాడు.

“దొరబాబూ! మావోళ్లు తుపానుకి సచ్చిపోతన్నారు. మోటారు పడవొకటిప్పించండి, మీ కాళ్లట్టుకుంతాను!”

సభ సిగ్గుతో చితికిపోయింది. “ఊనికేదిరా?” అన్నారు పంతులుగారు.

ఏమంటున్నాడని దొర ఇంగ్లీషులో అడిగాడు. స్వాగతం అద్భుతంగా ఉందంటున్నాడని చెప్పి లెక్చరరుగారు జిల్లా పరువు నిలబెట్టారు. దొర ఎంతో సంతోషించి, పండితులిద్దరితో ఫోటో దిగి, ఇక్కడివాళ్లకు ఏ లోటూ లేదని నమ్మి వెళ్లిపోయాడు. పడవ మరో ఊరికి పోయింది.

వాదంలో ఎవరు గెలిచారన్నది ఇంకా తేలలేదు. దాలయ్య తెప్ప మీదే వేటకు పోతున్నాడు. ఆ రోజు అతనేమడిగాడో మనలో ఒక్కరికీ గుర్తులేదు. ఎలా అరిచాడో మాత్రం కాఫీ హోటల్లో అనుకరించి చూపించుకుని, ఈనాటికీ కడుపుబ్బ నవ్వుకుంటున్నాం.