ఎడమ వైపు వెనక స్పీకర్

సంసారంలో ప్రశాంతత కోరుకునే ప్రతి గృహస్థూ వెంటనే ఒక సరౌండ్ సౌండ్ రిసీవర్ కొనే ప్రయత్నంలో పడాలని ఈ కాలమ్ ముఖంగా పిలుపునిస్తున్నాను. కొనమనడం లేదు, గమనించండి! కొనే ప్రయత్నంలో పడమంటున్నాను. కొనడానికి ఒక పూట చాలు. ప్రయత్నానికి జీవితం కూడా చాలదు. అదృష్టమంతా అందులోనే ఉంది.

రిసీవరంటే ఏమిటో తెలియని అమాయకులు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, వారి కోసం రెండు ముక్కలు. అదొక నల్ల డబ్బా. టీవీలోంచి వచ్చే చప్పుడును అందుకుని, గది చుట్టూ పెట్టిన స్పీకర్లకు వాటాలు వేసి పంచుతుంది. సినిమాలో వాన కురిస్తే మన చుట్టూ కురుస్తుంది. దొంగ వెనక నుంచి వస్తే మన వీపు వెనక నుంచే వస్తాడు. దొంగ తన వీపు వెనక నుంచే రావాలని డబ్బిచ్చి మరీ కోరుకునే స్థాయికి మనిషి ఎదిగాడంటే నాగరికత ఎంత ముందుకు పోయిందో ఆలోచించండి!

నా మాట నమ్మనివారికి మా పై వాటాలో ఉండే ఆయన్ని సాక్ష్యంగా చూపిస్తాను. ఆయనకు కళ్ళజోళ్ళ షాపుంది. రోజంతా జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, రెండో కంటి ముందు అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా? ఇదా? మళ్ళీ చూడండి, ఇదా, ఇదా?" అని అడగడం ఆయన వృత్తి. ఎంతటి నాన్చుడు మనిషి చేతనైనా రెండింట్లో ఒకటి తేల్పించందే కుర్చీ దిగనివ్వడు. అలాంటివాడు సొంతానికి ఒక డబ్బా ఎంచుకోవడానికి కూర్చున్నాడు. ఎండలు ముదరకముందు కూర్చున్నవాడు వానలు వెనకపట్టాక గానీ లేవలేదు.

మొదలు మాత్రం చాలా చిన్నది. టీవీలో మాటలు సరిగ్గా వినపడటం లేదని ఆయన ఫిర్యాదు. "ఈ టీవీలవాళ్ళు చవకబారు స్పీకర్లు పెడుతున్నారు. ఒక్కడూ నోరు తెరిచి మాట్లాడడు, అందరూ గొణుగుతున్నారు," అన్నాడు. సౌండ్ పెంచాడు. ఇంట్లోవాళ్ళకు తలనొప్పి పట్టుకుంది. టీవీలోవాళ్ళు మాత్రం గొణుగుడు మానలేదు. "బడ్జెట్లో ఒక మంచి రిసీవర్ చూద్దాం," అని తీర్మానించాడు.

ఆయనకొక బావమరిది ఉన్నాడు. మీరు ఏ వస్తువు గురించి అడిగినా, దానికంటే ఒక మెట్టు పైదాని గురించి చెప్పే రకం. "ఐదు స్పీకర్లదా? ఈ రోజుల్లో ఐదేంటి బావా, నలుగురూ నవ్విపోతారు. ఏడన్నా ఉండాలి," అన్నాడు ఫోన్లో. ఏడింటి దగ్గరకు వెళ్తే, "పైనుంచి కూడా రాకపోతే అది సరౌండెలా అవుతుంది బావా? పైకప్పులో పెట్టించు," అన్నాడు. పైకప్పు దగ్గరకు వెళ్ళేసరికి, డబ్బా కొనడం కంటే ఇల్లు మారడమే బడ్జెట్లో పని అని తేలింది.

"ఇంతకీ మీ ఇంట్లో ఏది పెట్టావురా?" అని అడిగాడు ఆయన.

"నా దగ్గర రేడియో ఒకటుంది బావా. నాకు చప్పుడు పడదు."

ఇక రివ్యూలు! జనం విజ్ఞానాన్ని ఎంత ఉదారంగా పంచిపెడుతున్నారో చూస్తే కళ్ళు చెమర్చుతాయి. ఒకాయన "సౌండ్ అద్భుతం, ఇంకా పెట్టె విప్పలేదు" అని ఐదు నక్షత్రాలిచ్చాడు. ఇంకొకాయన "సౌండ్ బాగుంది కానీ తెచ్చినవాడు మొహం చిట్లించాడు" అని ఒక్క నక్షత్రంతో సరిపెట్టాడు. వీడియోల్లో ఒక గడ్డం నిపుణుడు వరసగా డబ్బాలన్నీ మోగించి, "ఈ తేడా విన్నారా?" అనేవాడు. మన కళ్ళజోళ్ళాయన ఆ తేడాను ఫోనుకుండే గోరంత స్పీకర్లోంచి, ఫోనును కుడి చెవికి ఆనించుకుని మరీ విని, "ఔను, రెండోది కాస్త పలచగా ఉంది," అనేవాడు.

ఇప్పుడు అసలు లాభం దగ్గరకు వస్తాను. ఆ ఇంట్లో సోఫా మీద ఎవరి చోటు వారిది. కుడి చివర ఆయన, ఆయనకు ఎడమ పక్కన ఇల్లాలు. సోఫాలు మారాయి గానీ చోట్లు మారలేదు. ఆవిడ ఒక పెద్ద ఆస్పత్రిలో, మందులిచ్చే విభాగంలో పనిచేస్తుంది. ఒక సాయంత్రం ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, చేతిసంచీ కూడా దించకుండా తన చోట కూర్చుంది. ఆస్పత్రివాళ్ళు పక్క ఊళ్ళో కొత్త శాఖ తెరుస్తున్నారు. అక్కడి మందుల విభాగానికి హెడ్‌గా వెళ్తారా అని ఆవిణ్ణి అడిగారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పైవాళ్ళు ఆవిడకు పని చెప్పడమే గానీ, ఏదైనా అడగడం అదే మొదలు. పొద్దున్నే బస్సెక్కాలి. తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. నెలాఖరులోగా జవాబు చెప్పాలి.

"నాకు వెళ్ళాలనే ఉంది. మీరేమంటారు?" అందావిడ.

ఆయన ఫోన్లో రెండు డబ్బాల వెనక భాగాలను పక్కపక్కన పెట్టుకుని, ఏ వైరు ఏ కన్నంలోకి పోతుందో చూస్తున్నాడు. ఏమీ అనలేదు.

చూశారా మహిమ! ఇదే మామూలు ఇల్లయితే ఎంత రభస జరిగేది! వంటెవరు చేస్తారని ఒకరు, ఇన్నాళ్ళూ చేసింది చాలదా అని ఒకరు, మధ్యలో గిన్నెల చప్పుడు! ఇక్కడ చీమ చిటుక్కుమంటే ఒట్టు. నాలుగు రోజులాగి ఆవిడ అదే చోట నుంచి, "ఆ సంగతి ఏం ఆలోచించారు?" అని మళ్ళీ అడిగింది. మళ్ళీ అంతే ప్రశాంతత. మూడోసారి అడిగే మనిషి కాదు ఆవిడ.

"మీ అమ్మ ఈమధ్య బాగా నెమ్మదించింది కదే," అన్నాడాయన ఒకరోజు కుడి పక్క కుర్చీలో ఉన్న కూతురితో, ఎంతో తృప్తిగా. కూతురు కాలేజీకి వెళ్తుంది. తండ్రి వేళాకోళం ఆడుతున్నాడనుకుని ఊరుకుంది.

చివరికి ఆయన మొట్టమొదటి రోజు చూసిన డబ్బానే కొన్నాడు. ఐదు స్పీకర్లది. మంచి రోజు చూసి, గోడల వెంట వైర్లు లాగి, నాలుగు మూలలా నాలుగూ టీవీ కింద ఒకటీ నిలబెట్టి, మీట నొక్కాడు. కింద వాటాలో నా టేబుల్ మీద గ్లాసులో నీళ్ళు వణికాయి. పైన ఆయన మాత్రం పెదవి విరిచాడు.

"ఎడమ వైపు వెనక స్పీకర్ పనిచేయడం లేదు."

"చేస్తోంది నాన్నా," అంది కూతురు.

"నీకేం తెలుసు? నెలల తరబడి చదివాను నేను."

ఆ డబ్బాతో పాటు ఒక బుల్లి మైకు వస్తుంది. మనం కూర్చునే చోట, తల ఉండే ఎత్తులో దాన్ని పెడితే, డబ్బా గదిని తనే కొలుచుకుని తప్పొప్పులు చెబుతుంది. అది కొలిచి, స్పీకర్లన్నీ సవ్యంగా ఉన్నాయంది. "అబద్ధం!" అన్నాడాయన. షాపువాళ్ళు పంపిన మెకానిక్ వచ్చి, ఆయన చోటులోనే కూర్చుని విని, బాగానే ఉందన్నాడు. "పాపం, రోజంతా ఆ చప్పుళ్ళలో ఉండి చెవులు పోగొట్టుకున్నట్టున్నాడు," అని ఆయన జాలిపడ్డాడు. పోరు పడలేక షాపువాళ్ళు డబ్బా మార్చి ఇచ్చారు.

ఆ కొత్త డబ్బా వచ్చిన రోజే నెలాఖరు. ఆయన సోఫా ముందు చతికిలబడి, భక్తిగా అట్టపెట్టె టేపు కోస్తున్నాడు. ఆయనకు ఎడమ పక్క, తన చోటులోనే కూర్చుని, ఆవిడ ఆస్పత్రికి ఫోన్ చేసింది. "లేదండీ, రాలేను. ఇంట్లో వీలుపడదు. ఇంకెవర్నైనా చూసుకోండి," అని చెప్పి ఫోన్ పెట్టేసింది. ఆయన థర్మోకోల్ ముక్కలు ఏరుకుంటున్నాడు. ఆవిడ కాసేపు ఆయన వీపు వంక చూసి, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

కొత్త డబ్బాతోనూ ఎడమ వెనక మూగే! ఆయనకు పట్టుదల పెరిగింది. ఆదివారం ఇంట్లో అందరినీ పిలిచి సోఫాలో ఎవరి చోట వాళ్ళను కూర్చోబెట్టాడు. షాపులో కళ్ళకు చేసే పరీక్షే చెవులకూ చేసి ఈ కంపెనీ బండారం బయటపెడతానన్నాడు. వాన సీను పెట్టించాడు. ముందు ఎడమ చెవిలో వేలు పెట్టుకున్నాడు. వాన కురుస్తోంది. "బాగుంది," అన్నాడు నిపుణుడి గొంతుతో. తర్వాత ఆ వేలు తీసి, కుడి చెవిలో వేలు పెట్టుకున్నాడు.

"కరెంటు పోయిందా?" అని అరిచాడు.

ఫ్యాను తిరుగుతోంది. లైటు వెలుగుతోంది. టీవీలో జనం గొడుగులు పట్టుకుని పరిగెడుతున్నారు. కూతురి నోరు కదులుతోంది. ఆయన వేలు తీశాడు.

"...ఏం పోలేదు నాన్నా, అంటున్నా!"

మళ్ళీ పెట్టుకున్నాడు. వాన ఆగిపోయింది. తీశాడు. వాన. పెట్టుకున్నాడు. "అక్షరాలేవీ ఆనడం లేదండీ" అనే మనుషుల మొహాలను ఆయన షాపులో చాలానే చూశాడు. ఆ మొహం లోపలివైపు నుంచి ఎలా ఉంటుందో ఆయనకు ఆ ఆదివారమే తెలిసింది. మెల్లగా ఎడమ పక్కకు తిరిగాడు.

"నువ్వు ఈ పక్క నుంచి నాతో ఏమైనా మాట్లాడుతుంటావా?"

"మాట్లాడేదాన్ని," అందావిడ.

ఆయన టీవీ ఆపించాడు. ఏం మాట్లాడేదానివని అడిగాడు. ఆవిడ చెప్పింది. కొత్త శాఖ సంగతి, రెండుసార్లు అడిగిన సంగతి, వద్దని చెప్పేసిన సంగతి. చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో కోపం లేదు. అదే ఆయనకు కష్టంగా అనిపించింది.

"మళ్ళీ ఇంకోసారి అడగొచ్చు కదా!"

"మీకు ఇష్టం లేదేమో అనుకున్నాను. వినపడలేదని నాకేం తెలుసు? డబ్బా గురించి మా తమ్ముడు ఫోన్లో చెప్పిందంతా వినపడేది కదా."

మర్నాడు ఆస్పత్రివాళ్ళను కనుక్కోమన్నాడు. ఆవిడ కనుక్కుంది. ఆ చోటుకు వేరే ఆవిణ్ణి పెట్టుకున్నారు, ఆవిడ చేరిపోయింది కూడా.

చెవుల డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. డాక్టరు లైటేసి ఎడమ చెవి లోపలికి చూసి, సన్నటి పరికరంతో కాసేపు తవ్వి, ఒక నల్లటి గుబిలి ముద్దను పళ్ళెంలో పడేశాడు. అంతే! నెలల తరబడి ప్రపంచమంతా గాలించినా దొరకని బడ్జెట్ సరౌండ్ సౌండ్ అదే. దానికి వాట్లు లేవు, వారంటీ లేదు, బావమరిది సలహా అక్కర్లేదు. దానికి ఎవరూ రివ్యూ రాయలేదు గనక ఆయన కంట పడలేదు.

ఆ సాయంత్రం తన చోట కూర్చుని అదే వాన సీను పెట్టుకున్నాడు. ఎడమ వైపు వెనక నుంచి ధారగా కురిసింది. ఆకుల మీద పడే చినుకు వేరు, రేకు మీద పడే చినుకు వేరు. కొన్న వస్తువు ఇంత బాగుండటం ఆయనకు జీవితంలో అదే మొదటిసారి. సంబరంగా ఎడమ పక్కకు తిరిగాడు. ఆవిడ తన చోట కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

ఆయన డబ్బా ఆపేశాడు. ఎడమ చెవిని ఆవిడ వైపు పెట్టి కూర్చున్నాడు. ఇప్పుడు ఆ చెవికి అన్నీ వినపడుతున్నాయి. చొక్కా దులిపిన చప్పుడు, కిటికీ గొళ్ళెం గాలికి ఆడిన చప్పుడు, కింద నేను దగ్గిన చప్పుడు. గృహస్థులారా, మొదట్లో నేను హామీ ఇచ్చిన ప్రశాంతత ఇదే. కావలసినవారు వచ్చి వినవచ్చు, మా వాటాలోకి కూడా స్పష్టంగా వినపడుతోంది.

చాలాసేపటికి ఆయన ఉండబట్టలేక, "ఏమన్నావు?" అన్నాడు.

"నేనేమీ అనలేదే," అందావిడ, ఇంకో చొక్కా అందుకుంటూ.