బెల్లును ఆగనివ్వని కాపలాదారు

ఆ ఉదయం కంప్యూటర్ టీచరమ్మ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. బడికి అందరికంటే ముందు వెళ్లాలి. తన గదిలోని పాత యంత్రంలో ఒక ఫైలు సరిచేయాలి. తనిఖీకి వచ్చే అధికారి ఎదుట ఆ యంత్రం ఒక్క పూట పరువుగా నడిచేలా చూడాలి. అంతే.

“ఇవాళైనా పెందలాడే వస్తావా?” అంది అత్తగారు, మనవరాలి జడకు రిబ్బను ముడివేస్తూ.

“ఇవాళ తాడోపేడో తేలిపోవాలి అత్తయ్యా. ఆ గది ఉంటుందో, ఊడుతుందో!”

“ఊడితే నీకేం? జీతం ఆగదుగా.”

“జీతం ఆగదు. నన్ను మాత్రం ఎక్కడో దూరపు బడికి తోసేస్తారు. అయినా బస్సు ప్రయాణానికి భయపడి కాదు. ఆ గదిని నేను ఎవరికీ ఇవ్వను. ఇవ్వనంటే ఇవ్వను.”

అత్తగారు కోడలి సంచిలో మంచినీళ్ల సీసా పెట్టి, మూత మరోసారి గట్టిగా బిగించింది. ఆవిడ ప్రేమ ఎప్పుడూ మూతల దగ్గరే బయటపడేది.

ఆ గది మీద కన్నేసినవాడు లెక్కల మాస్టారు. పిల్లలు ఆయనను చాటుగా భిన్నాల మాస్టారు అనేవారు. బెల్లు మోగినా ఆయన తరగతి వదిలేవాడు కాదు. తర్వాతి పీరియడు వాళ్లు పుస్తకం చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి దగ్గేవారు. దగ్గి దగ్గి వాళ్లకు గొంతు పోయేదే తప్ప, ఆయన చేతిలో సుద్దముక్క కింద పడేది కాదు. అదనపు తరగతుల పేరు చెప్పి కంప్యూటర్ గది తనకివ్వాలని ఆయన పైవాళ్లకు అర్జీ పెట్టుకున్నాడు. దాని సంగతి తేల్చడానికే అధికారి వస్తున్నాడు.

హెడ్‌మాస్టారు ఎవరి పక్షమూ కాదు. గాలి ఎటు వీస్తే అటు తిరిగి నిలబడడం ఆయన పద్ధతి. “నిన్న కూడా మధ్యలో చచ్చిపోయిందిగా మీ యంత్రం. ఆయన ముందు అలాగే చస్తే నన్నేం చెప్పమంటారు?” అన్నాడు ముందురోజు టీచరమ్మతో.

“చావదు సార్. చచ్చినా లేస్తుంది. లేవకపోతే తాళంచెవి నేనే తెచ్చి మీ చేతిలో పెడతాను.”

అలా పంతం పట్టడానికి ఆమెకు ఒక ఆధారం దొరికింది. ఆ యంత్రంలో తెర వెనక మూడు ప్రోగ్రాములు పనిచేస్తుంటాయి. ఒకటి పిల్లల హాజరు చూస్తుంది, ఒకటి గ్రంథాలయం పుస్తకాల లెక్క చూస్తుంది, ఒకటి బెల్లు కొడుతుంది. ఏది ఎప్పుడు కూలబడుతుందో దానికే తెలియదు. అందుకని ఆమె వీటిపై పెత్తనానికి నాలుగోదాన్ని, ఒక కాపలా ప్రోగ్రామును తెచ్చిపెట్టింది. దానికి సొంత పని ఏమీ లేదు. మిగతావాటిని వరుసగా నిద్రలేపడం, కనిపెట్టుకుని ఉండడం, పడ్డదాన్ని లేవనెత్తడం, ఇంతే. అయితే అది తనంతట తాను ఏదీ ఊహించుకోదు. ఎవరిని ముందు లేపాలి, ఎవరిని తర్వాత లేపాలి, ఆగిపోతే ఏం చేయాలి అనేవి ఒక్కొక్క వరుసగా ఫైల్లో రాసి ఇవ్వాలి.

ఆ ఉదయం బడికి చేరగానే హాజరు ప్రోగ్రాము పేరు కింద ఆమె, “ఎప్పుడు ఆగినా మళ్లీ లేపు” అని రాసింది. పాత యంత్రం వేడెక్కుతుందని జాలిపడి, “లేపే ముందు ఐదు నిమిషాలు ఆగు” అని కూడా చేర్చింది. పుస్తకాల లెక్క కిందా అవే వరుసలు. ఇంతలో గేటు కిర్రుమంది. బెల్లు కింద కూడా అవే అతికించి, ఫైలు మూసి, నీళ్లు తాగింది.

హాజరు ప్రోగ్రాము సాయంత్రం దాకా కుర్చీ దిగకూడని గుమస్తాలాంటిది. బెల్లు అలాంటిది కాదు. గడియారం పిలిచినప్పుడు వస్తుంది, మోగిస్తుంది, పని అయింది కాబట్టి వెళ్లిపోతుంది. పని ముగించుకుని వెళ్లినవాడికీ, మధ్యలో మూర్ఛపోయినవాడికీ తేడా మనం రాసి ఇస్తే తప్ప ఆ కాపలాదారుకు తెలియదు. ఆ తేడా రాయడం ఆమె మరిచిపోయింది.

మొదటి బెల్లు ముచ్చటగా మోగింది. హెడ్‌మాస్టారు సంతోషించి, పిల్లలెవరూ వేలు పెట్టకుండా కంప్యూటర్ గదికి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, అధికారికి ఎదురు వెళ్లడానికి బస్టాపుకు బయలుదేరాడు.

ఐదు నిమిషాల్లో మళ్లీ బెల్లు.

“ఇదేం చోద్యం? నేనింకా డస్టరన్నా ముట్టుకోలేదు!” అంటూ సైన్సు టీచరు వరండాలోకి వచ్చింది.

“అధికారి వస్తున్నారుగా. అన్ని పాఠాలూ ఆయన కంట పడాలని పెద్దసారు పీరియడ్లు కుదించేసి ఉంటారు,” అన్నాడు ఎదురొచ్చిన తెలుగు మాస్టారు.

“మాకో మాట చెప్పచ్చుగా!”

“మనకి చెప్పి చేసిందెప్పుడు?”

ఈ మాట హెడ్‌మాస్టారికి అతికినట్టు సరిపోయింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. గురువులు గదులు మారారు. ఐదు నిమిషాలకు మళ్లీ మారారు. తెలుగు మాస్టారు పద్యంలో మొదటి పాదం చదివి సెలవు తీసుకున్నాడు. సైన్సు టీచరు గాజుగొట్టం పైకెత్తి చూపించి, “ఇందులో ఏం పోస్తామో వచ్చే క్లాసులో చెప్తా” అని పరుగెత్తింది. ఏడో తరగతి వాళ్లు ఒకే గంటలో లెక్కలు తప్ప అన్ని సబ్జెక్టులూ పూర్తిచేసి, చదువు ఇంత తేలికా అని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

విషయం అర్థమైంది టీచరమ్మ ఒక్కదానికే. ఆమె తన గది దగ్గరికి పరుగెత్తింది. తాళం వెక్కిరించింది. కిటికీ ఊచల్లోంచి చూస్తే యంత్రం మీద పచ్చదీపం కుదురుగా వెలుగుతోంది.

“మెయిన్ కట్టెయ్!” అని కేకేసింది అటెండరుతో.

ఫ్యాన్లు ఆగాయి. లైట్లు ఆరాయి. “కట్టేశానమ్మా!” అని అటెండరు అరిచేలోపు బెల్లు మోగింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, కరెంటు పోయినా యంత్రమూ బెల్లూ ఆగకుండా బ్యాటరీ కావాలని రెండేళ్లు పోరాడి సాధించింది తానేనని.

“వైరు కోసెయ్యనా అమ్మా?”

“గోడలో ఎక్కడుందో తెలిస్తే కొయ్యి నాయనా.”

అటెండరుకు అది తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. వేళ్లు మడిచి చూసుకుంటే ఆఖరి బెల్లు కూడా అయిపోయింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆఖరి బెల్లుకు గేటు తీయని రోజు లేదు. వెళ్లి తీశాడు. ఎందుకని అడగకుండా పిల్లలు తలవంచే ఆజ్ఞ ఆ ఒక్కటే. క్షణంలో బడి ఖాళీ అయింది.

అధికారిని వెంటబెట్టుకుని మలుపు తిరిగిన హెడ్‌మాస్టారికి ఆ వరద ఎదురైంది.

“ఏమండీ, సెలవా?” అన్నాడు అధికారి.

“లేదు సార్... పిల్లలు... తమరికి స్వాగతం చెప్పడానికి...”

“మరి నన్ను దాటిపోతున్నారేం?”

హెడ్‌మాస్టారు గేటు వైపు అడుగుల వేగం పెంచాడు. గేటు లోపల టీచరమ్మ తల దించుకోకుండా నిలబడి ఉంది. పైన బెల్లు మళ్లీ మోగింది. అది ఆగాక, నిర్మానుష్యంగా ఉన్న వరండాలోంచి ఒక్క గొంతు వినిపించింది.

“హారాలు సమానం చేయకుండా కూడితే చెవి మెలేస్తా!”

ఆరో తరగతి పిల్లలంతా బెంచీల మీదే ఉన్నారు. బోర్డు అంచుల దాకా నిండిపోయి ఉంది. 

“బెల్లు వినబడలేదా మాస్టారూ?” అన్నాడు అధికారి.

“వినబడింది. అది చెప్పినట్టు వినడానికి నేను దాని నౌకర్నా?”

అధికారి ముచ్చటపడ్డాడు. కంప్యూటర్ గది తాళం తీయించాడు. టీచరమ్మ ముందు కాపలాదారును ఆపింది, ఆ తర్వాత బెల్లును ఆపింది. నిశ్శబ్దం ఎంత చల్లగా ఉంటుందో ఆ పూట అందరికీ తెలిసింది.

“తప్పు నాది సార్,” అంది ఆమె, ఫైలు తెరిచి చూపిస్తూ. “ఇదిగో, ఈ వరుస. కూలితేనే లేపు అని రాయాల్సింది, ఎప్పుడు ఆగినా లేపు అని రాశాను. అది మాత్రం రాసింది రాసినట్టు చేసింది. శిక్ష నాకు వేయండి. గదికి తాళం మాత్రం వేయనివ్వను. ఈ గదిలో పిల్లలు తప్పు చేసి, ఎక్కడ చేశారో వాళ్లే వెతుక్కుంటారు. అది ఇంకెక్కడా నేర్పరు.”

అధికారి లెక్కల మాస్టారి వైపు తిరిగాడు. “గది మీరు అడిగారు కదా. తీసుకుంటారా?”

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నాడు.

“అక్కర్లేదండీ.”

“అదేమిటి?”

“పాఠం సగంలో వచ్చి గుమ్మంలో దగ్గుతారనే కదా నేను వేరే గది అడిగింది? ఇవాళ అటూ ఇటూ తిరగలేక ఒక్కరూ నా గుమ్మం తొక్కలేదు. నా సర్వీసులో భిన్నాలు ఏకబిగిన పూర్తి చేసింది ఇవాళే. ఈవిణ్ణి, ఈ యంత్రాన్ని కదిలించారంటే నేను ఊరుకోను.”

టీచరమ్మ నోరు వెళ్లబెట్టింది. అంతలో గేటు దగ్గర గోల లేచింది. పిల్లల్ని రెక్క పట్టుకుని తల్లులు, తాతలు, మేనమామలు తిరిగొస్తున్నారు. అందరికంటే ముందు టీచరమ్మ అత్తగారు.

“నిన్ను పెందలాడే రమ్మన్నాను గానీ, దీన్ని పంపించెయ్యమన్నానా?” అంది ఆవిడ, మనవరాలిని ముందుకు తోస్తూ.

అధికారి ఆ జనాన్ని చూసి ఆశ్చర్యపోయాడు. “ఎన్ని బళ్లు తిరిగినా తల్లిదండ్రుల సమావేశానికి నలుగురికి మించి రావడం చూడలేదు. మీరెలా రప్పించారండీ?”

హెడ్‌మాస్టారు గాలి ఎటు వీస్తోందో చూసుకుని, జేబు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. “మా కంప్యూటర్ విభాగం ఏర్పాటు సార్,” అన్నాడు గంభీరంగా.

గది కొనసాగించాలని ఉత్తర్వు అక్కడికక్కడే తయారైంది. అధికారి సంతకం పెట్టి, తిరుగు బస్సుకు వేళైందని వెళ్లిపోయాడు. టీచరమ్మ సాయంత్రం దాకా కూర్చుని బెల్లు కింది వరుస దిద్ది, మూడుసార్లు పరీక్షించింది.

మర్నాడు బెల్లు సరైన వేళకే మోగింది, పీరియడ్లు మరీ పొడుగైపోయాయని దాని మీద ఉపాధ్యాయులందరూ కలిసి ఫిర్యాదు చేశారు.