కాకిగూటి సంగీత చరిత్ర

ఒక పెద్ద అడవిలో ఆ ఏడు కథలకు గిరాకీ పడిపోయింది. "కల్పితాలు ఇంక చాలు, మాకు నిజాలు కావాలి" అని జంతువులన్నీ పట్టుబట్టాయి. నిజాలు కావాలంటే రాసేవాళ్లకు కొరతా? చూస్తుండగానే అడవి నిండా పుస్తకాలే పుస్తకాలు. నెమలి తన నాట్యజీవితం గురించి 'ఈకల వెనుక' అని రాసింది. కోతులు అభిమాన సంఘాల చరిత్ర రాశాయి, అందులో సగం బొమ్మలే. మొసలి తన రాజకీయ అనుభవాలను 'నా కన్నీళ్లు' పేరుతో అచ్చేసింది. ఏటి ఒడ్డున దానికి మంచి అమ్మకాలు.

ఇవన్నీ ఎవరు చదివారని మాత్రం అడక్కండి. ఆ అడవిలో పుస్తకాన్ని ఆవిష్కరించడం పెద్దల పని, ఆవిష్కరణ సభకు వెళ్లి చప్పట్లు కొట్టడం అందరి పని. చదవడం ఎవరికీ అప్పగించలేదు. అందుకని ఎవరూ ఆ జోలికి పోలేదు.

ఈ సందడంతా చింతచెట్టు మీద నుంచి చూస్తున్న కాకి ఒకటుంది. పేరు ధవళయ్య. ఆ పేరు పెట్టిన తాతగారిది హాస్యమో, ఆశో చెప్పలేం.

ధవళయ్యకు ఒక బాధ ఉంది. రోజూ పొద్దున్నే అడవిని లేపేది కాకులు. ఎంగిలి ఏరి అడవిని శుభ్రం చేసేది కాకులు. శాలువా మాత్రం ఏటా వసంత సభలో కోయిల చైత్రమూర్తికే కప్పుతారు. కిందటేడు వందన సమర్పణ తాను చేస్తానని ముందే చెప్పుకుని, ఈకలు దువ్వుకుని మరీ వెళ్లాడు ధవళయ్య. గొంతు సవరించుకున్నాడో లేదో, అధ్యక్షస్థానంలో ఉన్న ఎలుగుబంటి మధుసూదనం గారు మొహం చిట్లించారు.

"ఎవర్రా అక్కడ? కచేరీ మొదలవుతోంది, ఆ కాకుల్ని తోలండి!"

సభంతా గొల్లున నవ్వింది. ధవళయ్య ఆ రోజు ముద్ద ముట్టలేదు.

కొమ్మ చాటున కూర్చుని కచేరీ మాత్రం విన్నాడు. వింటూ వింటూ చైత్రమూర్తి ఎడమ రెక్క వైపు చూశాడు. ఆ రెక్కలో ఒక ఈక అడ్డంగా మొలిచి ఉంది. ఆ ఈక తనకు తెలుసు. పిల్లతనంలో వాడు గూట్లోంచి జారి కొమ్మకు వేలాడుతుంటే, ఆ రెక్క పట్టుకుని పైకి లాగింది తానే.

"వీడు మా ఇంట్లో పెరిగినవాడే!" అనుకున్నాడు ధవళయ్య. కోయిలలు కాకిగూట్లో గుడ్లు పెట్టి చక్కా పోతాయని అడవిలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆ పూటే పుస్తకం మొదలుపెట్టాడు.

"ఎందుకొచ్చిన రాతలండీ ఇవి?" అంది ఆయన భార్య శ్యామలమ్మ. "గూటికి ఒక పక్క పుల్లలు ఊడిపోతున్నాయి. అది చూడండి ముందు."

"పుల్లలు ఎవరైనా పెడతారే. చరిత్ర ఎవరు రాస్తారు?"

"మనకెందుకండీ చరిత్ర? వాడెక్కడో చల్లగా పాడుకుంటున్నాడు."

"అందుకే! వాడు పాడుకుంటున్నాడు, మనల్ని తోలుతున్నారు" అన్నాడు ధవళయ్య.

పుస్తకం పూర్తయ్యాక నక్క కుశలరావు దగ్గరికి తీసుకెళ్లాడు. కుశలరావు పొద్దున పూట పుస్తకాలు వేస్తాడు, సాయంత్రం పూట కేసులు వాదిస్తాడు. 'అడవి సంగీత వికాసంలో కాకుల పెంపకం పాత్ర: ఒక పరిశీలన' అన్న పేరు చూడగానే ఆవులించాడు.

"మాస్టారూ, అడవిలో కాకులు ఎంతమంది ఉంటారు?"

"లెక్కే లేదండీ."

"అయితే ఇది బ్రహ్మాండమైన చరిత్ర. పేరొక్కటీ మారుద్దాం. 'మా గొంతు మాకివ్వండి!' ఎలా ఉంది?"

ధవళయ్యకు ఒళ్లు పులకరించింది. కుశలరావు రెండు పుటలు తిరగేసి మళ్లీ పెదవి విరిచాడు.

"ఇక్కడ 'కోయిలలను మేం పెంచాం' అని రాశారు. పెంచాం అంటే ఏముంది, జాలి. 'కోయిలలు మా కడుపున పుట్టిన బిడ్డలే' అనండి, అప్పుడది హక్కు. జాలికి ఎవరూ శాలువా కప్పరు మాస్టారూ."

"కానీ గుడ్డు మాది కాదు కదండీ. మా గుడ్డు కాస్త పెద్దది, వాళ్లది చిన్నది. నేను కళ్లారా..."

"ఆ గుడ్డు చూసిందెవరు? ఈ పుస్తకం చదివేదెవరు?"

ధవళయ్య కొన్నాళ్లు నలిగాడు. అది అబద్ధమని ఆయనకు తెలుసు. కానీ కళ్లు మూసుకుంటే చాలు, "ఆ కాకుల్ని తోలండి" అన్న మాటే వినిపించేది. చివరికి 'పెంచాం' అన్న చోటల్లా కొట్టేసి 'కన్నాం' అని దిద్దాడు. అచ్చయి వచ్చాక చూసుకుంటే అది నిజంలాగే ఉంది.

ఆవిష్కరణ సభ సింహం మహారాజు గుహ ముందే పెట్టారు. అడవి ఎన్నికలు దగ్గరపడ్డాయి. సింహం పక్కకు వంగి, "ఈ కాకులు ఓట్లు వేస్తాయా?" అని గుసగుసలాడింది. "వేస్తాయి మహాప్రభూ, వెయ్యకపోతే గోల చేస్తాయి" అన్నాడు కుశలరావు.

మధుసూదనం గారు పుస్తకాన్ని గుండెలకు ఆనించుకుని నిలబడ్డారు. దానికి చుట్టిన తామరాకు ఇంకా విప్పలేదు.

"ఈ పుస్తకం చేతికొచ్చిన రోజు నుంచి నాకు నిద్ర లేదు. ఇది పుస్తకం కాదు, ఒక ఉద్యమం. ప్రతి గుహలో, ప్రతి తొర్రలో ఉండవలసిన గ్రంథం. ధవళయ్య గారి లాంటి వారిని ఇంతకాలం గుర్తించకపోవడం మనందరి దురదృష్టం!"

కిందటేడు తోలమన్న నోరే అది. ధవళయ్యకు అది గుర్తు రాకపోలేదు. అయినా కళ్లు చెమర్చాయి.

సింహం అక్కడికక్కడే తీర్మానం చేయించింది. కోయిలలు కాకుల సంతానమనీ, అడవి సంగీతం కాకుల వారసత్వమనీ, ఇకపై వసంత సభకు ధవళయ్యే అధ్యక్షుడనీ అందులో ఉంది. శాలువా కప్పారు. కాకులన్నీ ఆయన్ని విరిచి తెచ్చిన కొమ్మ మీద కూర్చోబెట్టి అడవంతా ఊరేగించాయి.

ఆ వసంతంలో మూలపురుషుడు కాబట్టి మొదటి పాట ధవళయ్యే పాడాల్సి వచ్చింది. ఆయన కళ్లు మూసుకుని "కావ్" అన్నాడు. తీర్మానం అయిపోయాక నవ్వడం నేరం కదా, అందుకని అందరూ తలలూపారు. "ఇదీ అసలు బాణీ! ఇన్నాళ్లూ మనం విన్నది దీనికి నకలు" అంది ముందు వరసలో కూర్చున్న నెమలి. ధవళయ్య ఇంకోసారి పాడాడు. ఇంటికి వస్తూ, నిజంగానే తనకు మంచి గొంతుందేమో, ఇన్నాళ్లూ తెలుసుకోలేదేమో అనుకున్నాడు కూడా.

పాపం చైత్రమూర్తి ఏమైపోయాడో, మండిపడుతున్నాడేమో అని అందరూ గుసగుసలు పోయారు. చైత్రమూర్తి మండిపడలేదు. ఒక పొద్దున తన వాళ్లందరినీ వెంటపెట్టుకుని చింతచెట్టు దగ్గరికి వచ్చి, వాలీ వాలగానే ధవళయ్య కాళ్లకు దణ్ణం పెట్టాడు.

"నాన్నగారూ!"

ధవళయ్య గబుక్కున కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"ఇన్నాళ్లూ మా ఆడవాళ్లు దొంగల్లా వచ్చి మీ గూళ్లలో గుడ్లు పెట్టి పారిపోయేవాళ్లు. ఎంత సిగ్గుతో బతికామో మీకు తెలియదు. మీ పుస్తకం మా కళ్లు తెరిపించింది. ఇది మా పుట్టిల్లే అయినప్పుడు మాకు సిగ్గెందుకు? కాస్త జరిగితే మావాళ్లు సర్దుకుంటారు."

"జరగడమేమిటి? ఇది నా గూడు!"

"మన గూడు, నాన్నగారూ" అన్నాడు చైత్రమూర్తి ఎంతో మర్యాదగా.

ఆ సాయంత్రమే పంచాయతీ కూడింది. కోయిలల తరఫున వకాల్తా పుచ్చుకున్నది ఎవరనుకున్నారు? కుశలరావే. ఒక చేతిలో తాను అచ్చేసిన పుస్తకం, ఇంకో చేతిలో సింహం తీర్మానం.

"మహాప్రభూ, పిత్రార్జితంలో బిడ్డలకు వాటా ఉంటుంది. వీరు బిడ్డలని ప్రతివాది స్వయంగా రాశారు. ఒక చోట కాదు, పుట పుటకూ రాశారు."

"అబద్ధం!" అని ధవళయ్య ఎగిరి దూకాడు. "మేం పెంచాం, అంతే! గుడ్డు మాది కాదు! అలా రాయమన్నది ఈ నక్కగారే!"

"చూశారా ప్రభూ, గ్రంథకర్తే తన గ్రంథాన్ని కాదంటున్నారు. మరి తమరి తీర్మానం కూడా తప్పేనా?"

సింహం గతుక్కుమంది. తీర్మానం తప్పంటే తాను తప్పినట్టు. మధుసూదనం గారి వైపు తిరిగి, "తమరు నిద్ర మానుకుని చదివారు కదా, అందులో ఏముందో సెలవివ్వండి" అంది.

మధుసూదనం గారి ఒంటి మీద ఒక్కో వెంట్రుకా చెమర్చింది. చదవలేదని ఎలా చెబుతారు? "ఉంది ప్రభూ" అన్నారు గొంతు పెంచి. "బిడ్డలే అని గుండెలు పిండేసేలా రాశారు. ఆ భాగం తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర రాదు."

అంతటితో తీర్పు అయిపోయింది. అడవిలో ప్రతి కాకిగూట్లోనూ కోయిలలకు సగం వాటా. పిల్లలకు వేళకు మేత పెట్టే బాధ్యత కాకులది. ఊరేగించిన కాకులే తిరిగొచ్చి ధవళయ్యను పొడిచి పొడిచి వదిలిపెట్టాయి. "నీ చరిత్ర మండిపోనూ, మా ఇళ్లు కూల్చావు కదరా!" అని శాపనార్థాలు పెట్టాయి. శాలువా ముళ్లకంపకు తగులుకుని చిరిగిపోయింది.

కుంటుకుంటూ ఇంటికి చేరేసరికి గూడు నిండిపోయి ఉంది. ధవళయ్యకు కూర్చునే చోటు లేక బయట కొమ్మ మీద సర్దుకున్నాడు. శ్యామలమ్మ పురుగు తెచ్చి, ఎర్రగా నోరు తెరిచిన పిల్ల నోట్లో పెట్టి, మళ్లీ ఎగరబోయి ఆగింది.

"ఆ పిల్ల మనది కాదే" అన్నాడు ధవళయ్య నీరసంగా.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"గుడ్డు చూసిన రోజు నుంచి. ఆ అడ్డ ఈక పిల్లాడి గుడ్డు చూసినప్పుడూ తెలుసు."

"తెలిసి తెలిసి ఎందుకు పెంచావే?"

"నోరు తెరిచాడు, పెట్టాను. ఎగిరిపోయే రోజున ఈ కొమ్మ మీదే ఆగి ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. నాకది చాలు అనిపించింది. ఏటా వాడు పాడుతుంటే ఎవరికీ చెప్పకుండా వినేదాన్ని. ఇప్పుడు వీళ్లకు మేత ఆలస్యమైతే నోటీసు ఇస్తారట. నేను ముద్దుగా పెట్టుకున్నదంతా మీరు బాకీ కింద రాసిచ్చేశారు కదండీ."

ధవళయ్యకు ఏడుపొచ్చింది. ఇంతకాలానికి మొదటిసారి తన మీద తనకే అసహ్యం వేసింది. గూట్లోంచి ఇంకో నోరు తెరుచుకుంది, శ్యామలమ్మ వెళ్లిపోయింది.

ఆయన ఆ కొమ్మ మీదే చాలాసేపు కూర్చున్నాడు. ఊడిన పుల్ల ఒకటి ఎదురుగానే వేలాడుతోంది. దాన్ని ముక్కుతో లాగాడు. గూటికి దోపుతాడేమోనని శ్యామలమ్మ దూరం నుంచి ఆశగా చూసింది. ధవళయ్య ఆ పుల్ల కొసను చెక్కి, సిరాలో ముంచి, రెండో సంపుటం మొదలుపెట్టాడు. కాకి వేరు, కోయిల వేరు అని అందులో ఆధారాలతో నిరూపించాడు. ఈసారి రాసినవన్నీ నిజాలే.

కుశలరావు ఆనందంగా అచ్చేశాడు. సింహం, "తీర్మానం మార్చం గానీ ఇంకో శాలువా కప్పుతాం" అని మాటిచ్చింది. మధుసూదనం గారు తామరాకు విప్పని పుస్తకాన్ని గుండెలకు ఆనించుకుని, అది చేతికొచ్చిన రోజు నుంచి తనకు నిద్ర లేదని సెలవిచ్చారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ముందు వరసలో కూర్చున్న చైత్రమూర్తి. సభ అయిపోగానే ఆయన తన వాటా గూటికి వెళ్లి హాయిగా పడుకున్నాడు.

కాబట్టి చరిత్ర తవ్వేవారు పూర్వీకులు దొరకగానే ఆపెయ్యాలి, ఇంకొంచెం తవ్వితే వారసులు బయటికొస్తారు.