బామ్మగారికి మాత్రమే ప్రవేశం

ఏళ్ల తరబడి టీవీలో బామ్మ వేషం వేస్తున్న హాస్యనటుడు ఆ ఉదయం నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. కొత్త సీరియల్లో పోలీసు అధికారి పాత్ర కోసం పది గంటలకు దర్శకుణ్ణి కలవాలి. నవ్వని పాత్ర, నవ్వించని పాత్ర. ఇది దక్కితే తెల్ల విగ్గు పీడ విరగడవుతుంది.

"ఎవరేమన్నా కోపం తెచ్చుకోకండి," అంది భార్య, అతని కాలరు సరిచేస్తూ. "కోపమొస్తే మీకు బామ్మ గొంతు వచ్చేస్తుంది. మొన్న బ్యాంకులో ఏమైందో గుర్తుందిగా?"

"నాకు కోపమేంటే? నేను రాయిని."

రాయి టాక్సీ ఎక్కింది. సగం దారిలో డ్రైవరు అద్దంలో చూసి గుర్తుపట్టేశాడు.

"మా అమ్మ మీ బామ్మంటే పడి చస్తుంది సార్! ఒక్క మాట మాట్లాడండి," అంటూ తన ఫోను కలిపి చేతిలో పెట్టాడు.

హాస్యనటుడు తన ఫోను సీటు మీద పెట్టి, పళ్లు బిగించి, బామ్మ గొంతులో ఆవిడ క్షేమం కనుక్కున్నాడు. స్టూడియో రాగానే బతుకుజీవుడా అని దిగిపోయాడు.

గేటు దగ్గర గార్డు అతన్ని ఎగాదిగా చూశాడు. "పదింటికి బామ్మగారొస్తారు, పంపించమన్నారు. ఇంకెవరి సంగతీ చెప్పలేదు."

"ఆ బామ్మని నేనే."

"బామ్మంటే ఆడమనిషి కదండీ."

"టీవీలో బామ్మనయ్యా బాబూ! ఎప్పుడూ చూళ్లేదా?"

"నేను గేటు చూస్తానండీ. టీవీ చూడను."

దర్శకుడికే చెబుదామని జేబులో చెయ్యి పెడితే డ్రైవరు ఫోను బయటికొచ్చింది. తన ఫోను, అందులోని దర్శకుడి నంబరుతో సహా, టాక్సీలో ఊరేగుతోంది. ఇంతలో చేతిలోది మోగింది. డ్రైవరు వాళ్లమ్మ.

"బామ్మా! పక్కింటావిడ నమ్మట్లేదు. ఇంకోసారి మాట్లాడమ్మా!"

కట్ చేశాడు. మళ్లీ మోగింది. దారిన పోయేవాళ్లు ఆగి, "ఒరే, మన బామ్మరా!" అంటూ మూగారు.

"వింటున్నావా? ఇంతమంది చెబుతున్నారు!" అన్నాడు గార్డుతో.

"వాళ్లు గేటు కాయట్లేదండీ."

మళ్లీ ఫోను మోగింది. రాయి పగిలింది.

"ఓరి నీ గేటు తగలెయ్య! ముసలిదాన్ని ఎండలో నిలబెడతావట్రా, కొయ్యమొహం వెధవా! జరుగుతావా, చేతికర్ర తిరగెయ్యనా?"

వీధి వీధంతా పగలబడి నవ్వింది. స్టూడియో కిటికీలు తెరుచుకున్నాయి. గార్డు మొహంలో మాత్రం కండరం కదల్లేదు.

"గొంతు సరిపోయిందండీ. మనిషే సరిపోలేదు."

దర్శకుడు మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు. "ఆహా! ఇన్నాళ్లూ వెతికింది ఈ మొహం కోసమే! ఎంత గోల జరిగినా చలించని మొహం! పోలీసు పాత్ర ఖాయం!"

హాస్యనటుడు గభాల్న నిటారుగా నిలబడి సొంత గొంతు తెచ్చుకున్నాడు. "థాంక్యూ సార్. పొద్దునే మా ఆవిడతో అన్నాను, నేను రాయినని..."

"మీరు కాదండీ. ఆయన." దర్శకుడి వేలు గార్డు వైపు తిరిగింది. "మీకూ ఉందిలెండి ఒక పాత్ర. ఆ అధికారిగారి బామ్మ."

మొదటి రోజు షూటింగుకి హాస్యనటుడు తెల్ల విగ్గుతో, చేతికర్రతో, మేకప్ గదిలోంచి చిర్రుబుర్రులాడుతూ వచ్చాడు. పోలీసు దుస్తుల్లో ఉన్న కొత్త నటుడు అలవాటుకొద్దీ సెట్టు తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఆ రోజే ఇలా వచ్చుంటే ఇంత గొడవ ఉండేది కాదు కదండీ," అన్నాడు, నవ్వకుండా.